కరెంటు లేని రెండు గంటలు

పోయిన నెలలో ఒక రోజు తిరుపతిలో చెవి డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుని ఉన్నాను. అరవై దాటాక ఒంట్లో ఒక్కో అవయవం తన పేరుమీద ఒక చీటీ రాయించుకుంటుంది. ఈసారి వంతు ఎడమ చెవిది. పక్క గదిలో చెవులు పరీక్ష చేస్తారు కాబట్టి ఆ హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదట. గోడమీద టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది, సౌండు మాత్రం పూర్తిగా తీసేశారు. నా ముందు వరసలో ఒక అత్తా కోడలూ దాన్ని చూస్తూ గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. తెరమీద పట్టుచీర కట్టుకున్న ఒకామె మెట్లమీద నిలబడి ఎవరినో ఏదో అంటోంది. "ఆస్తి రాసిస్తానంటాంది" అని అత్త. "కాదత్తా, జైల్లో పెట్టిస్తానంటాంది" అని కోడలు. తేలక, ఇద్దరూ వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు చూసి చదువుకున్నవాడినని నమ్మారేమో, "యేమంటాంది సార్ ఆయమ్మ" అని నన్ను అడిగారు. నేను ఆ పెదవులవైపు చాలాసేపు చూశాను. ఒక్క ముక్క తెలియలేదు. మా నగరి అత్త పక్కన ఉండి ఉంటే ఆ తగువు క్షణంలో తీర్చేసేది కదా అనుకున్నాను. అక్కడి నుంచి డాక్టరు నా పేరు పిలిచేదాకా, అంటే మొదటి రెండుసార్లు నాకు వినపడలేదు కాబట్టి మూడోసారి పిలిచేదాకా, నేను నగరిలోనే ఉన్నాను.

అత్త అంటే మా నాయనకు సొంత చెల్లెలు. తమిళనాడు సరిహద్దులో, తెలుగూ అరవమూ కలిపి మాట్లాడే నగరిలో ఆమెకు ఒక ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో తువాళ్ళు నేసే నాలుగు మరమగ్గాలు ఉండేవి. సుమారు పదిహేనేళ్ళ కిందట నన్ను ఆ పక్క బడికి సోషల్ మేష్టారుగా బదిలీ చేశారు. మా ఆవిడా పిల్లలూ తిరుపతిలోనే ఉండిపోయారు. నేను సోమవారం పొద్దున బస్సుకు పోయి, శనివారం సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. మధ్యలో అంతా అత్త ఇంట్లోనే మకాం. మామ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. నాకంటే పదేళ్ళు చిన్నవాడైన అత్త కొడుకు నూలు తేవడం, నేసిన బట్ట పంపడం చూసుకునేవాడు. మగ్గాల దగ్గర అత్తా, వీధిలోని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఉండేవారు.

మరమగ్గం చప్పుడు ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు నేను చెప్పలేను. నాలుగు ఒకేసారి ఆడుతుంటే, అడ్డపోగు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకునే దెబ్బలకు వంటింట్లో క్యాలెండరు కూడా వణికేది. భోజనానికి కూర్చుంటే ఉప్పు కావాలన్నా చేత్తో చూపించాల్సిందే. మొదటి వారం నాకు తల దిమ్మెక్కి, బడిలో పిల్లలు మామూలుగా మాట్లాడుతుంటే గొణుగుతున్నారనుకుని ఇద్దరిని బెంచీ ఎక్కించాను. ఆ షెడ్డులో, రెండో మగ్గానికి ఎదురుగా, గోడకు కొట్టిన చెక్కమీద ఒక టీవీ ఉండేది. పొద్దున మగ్గాలతోపాటే దాన్నీ వేసేవారు. సౌండు చివరిదాకా పెంచి ఉంచేవారు. ఎంత పెంచినా ఒక్క మాట వినపడేది కాదు. "మరెందుకత్తా అంత పెంచడం" అని ఒకసారి అడిగాను. "తగ్గిస్తే దానికి మర్యాదగా ఉండదు గదరా" అంది.

ఇంకో విచిత్రం నాకు రెండో వారంలో తట్టింది. తరగతిలో చాక్‌పీసు పట్టుకుని నల్లబల్ల ముందు అట్లాగే నిలబడిపోయాను. కరెంటు ఉంటే మగ్గాలు ఆడతాయి, మగ్గాలు ఆడితే టీవీ వినపడదు. కరెంటు పోతే మగ్గాలు ఆగి వీధంతా నిశ్శబ్దమవుతుంది, కానీ టీవీ కూడా ఆగిపోతుంది. అంటే ఆ షెడ్డు కట్టినప్పటి నుంచీ దాంట్లో టీవీ మాట విన్న మనిషి ఒక్కరూ లేరు. అయినా ఆ ముగ్గురు ఆడవాళ్ళకు ప్రతి సీరియల్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరిని ఏమన్నారో అన్నీ తెలుసు. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ఒకరితో ఒకరు నోరు కదిపి, సైగ చేసి మాట్లాడుకుంటారు. ఆ అలవాటుతోనే టీవీలోని వాళ్ళ నోళ్ళు కూడా చూసేవారు. మిగతా ఇద్దరికీ సగం అర్థమయ్యేది. తక్కిన సగం మా అత్త, తెగిన పోగు ముడేస్తూ, అయిపోయిన నూలు కండె మారుస్తూ, పెదవులతోనే వాళ్ళకు చేరవేసేది.

ఆ రోజుల్లో కరెంటు కోత ఉండేది. సాయంత్రం నాలుగింటికి పోయి ఆరింటికి వచ్చేది. ఊరంతా దాన్ని తిట్టుకునేవారు, మా వీధి అరుగు మాత్రం దానికోసం కాచుకుని ఉండేది. నాలుగు కాగానే మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దంలో మొదట కాకుల అరుపు, తర్వాత ఎక్కడో సైకిలు గంట, ఆ తర్వాత మనుషుల గొంతులు వినపడేవి. అత్త చేతులు కడుక్కుని వచ్చి అరుగుమీద గోడకు వీపు ఆనించి కూర్చునేది. మగ్గాల దగ్గరి ఇద్దరూ మెట్లమీద కూర్చునేవారు. అప్పుడు ఎదురింటి నుంచి పిన్నమ్మ వచ్చేది.

ఈ పిన్నమ్మ మాకు చుట్టం కాదు. ఎదురింట్లో చిల్లర అంగడి నడిపేది. అత్తకంటే నాలుగేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేవారు, నేను పిన్నమ్మా అనేవాణ్ణి. పొద్దున లేచినప్పటి నుంచీ ఆమె బుగ్గలో వక్కాకు ఉండాల్సిందే. బెల్లం తూచినా, బేరం చేసినా, మొగుణ్ణి కేకలేసినా అన్నీ వక్కాకు మీదుగానే. ఆమె ఇంట్లో మగ్గాలు లేవు. తలుపు ఓరగా వేసుకుని, గల్లాపెట్టె పక్కన చిన్న టీవీ పెట్టుకుని, సీరియళ్ళు శుభ్రంగా మాటలతో సహా వినేది. నాలుగింటికి మాత్రం తొట్టి దగ్గరికి పోయి, వక్కాకు ఉమ్మేసి, రెండు చెంబుల నీళ్ళతో నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వీధి దాటి వచ్చి, మా అరుగుకు ఎదురుగా ఉన్న బట్టలుతికే రాయిమీద కూర్చునేది. పడమటి ఎండ సూటిగా ఆమె మొహాన కొట్టేది. "నీడలోకి రా పిన్నమ్మా" అంటే "ఈడ బాగుండాదిలే అయ్యోరా" అనేది. పూజకు కూర్చునేవాళ్ళలాగా నోరు కడుక్కుని వచ్చి తిట్టుకోవడం ఏమిటో అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

వాళ్ళ వాదనంతా ఒంటిగంటకు వచ్చే సీరియల్ మీద. అరవంలో ఎప్పుడో అయిపోయినదాన్ని తెలుగు గొంతులు పెట్టి వేసేవారు. ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటి అత్తగారు, నోరులేని పెద్దకోడలు, నోరే తప్ప ఇంకేమీ లేని చిన్నకోడలు. ఆ సమయానికి నేను బడిలో ఉంటాను కాబట్టి చూసే వీలు లేదు. సాయంత్రం ఆ ఇద్దరి నోటా వినడమే. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు సీరియళ్ళంటే చిన్నచూపు. స్టాఫు రూములో క్రికెట్ గురించి గంట వాదించి, ఇంటికొచ్చి వీళ్ళు సీరియల్ గురించి వాదిస్తుంటే పని లేదు వీళ్ళకు అనుకునేవాణ్ణి. నెల తిరగకముందే నాలుగు గంటల బెల్లు కొట్టగానే అందరికంటే ముందు సైకిలెక్కేది నేనే. ఎందుకంటే వాళ్ళు చెప్పేది ఒక కథ కాదు, రెండు. ఒకే రోజు, ఒకే భాగం; పిన్నమ్మ కథలో చిన్నకోడలు కాఫీలో విషం కలుపుతానని బెదిరిస్తుంది, మా అత్త కథలో కాఫీలో చక్కెర ఎక్కువైందని విసుక్కుంటుంది. పిన్నమ్మ కథలో అందరూ శపథాలు చేస్తారు. అత్త కథలో మామూలు మనుషులు మామూలు మాటలు మాట్లాడుకుంటారు, అవే మనసుకు తగులుతాయి. మెట్లమీది ఇద్దరూ అత్త పక్షం. వీధిలో ఇళ్ళల్లో వినే ఆడవాళ్ళందరూ పిన్నమ్మ పక్షం. నేను పైకి మధ్యస్థుణ్ణి, లోపల అత్త పక్షం.

అన్నిటికంటే పెద్ద తగువు పెద్దకోడలు ఇల్లు విడిచిన రోజు వచ్చింది. చేతిలో పెట్టెతో గేటు దగ్గర నిలబడి, అత్తగారివైపు తిరిగి, ఆ అమ్మాయి ఒక మాట అని వెళ్ళిపోయిందట. ఆ మాట ఏమిటన్నది ప్రశ్న.

"ఈ జన్మలో ఈ గడప తొక్కను అనింది. నేను సెవులారా ఇన్నాను" అంది పిన్నమ్మ.

"అట్లా యాడనింది. నేను వచ్చేదాకా తులసికోటకి నీళ్ళు పోస్తా ఉండత్తా, ఎండనీయొద్దు అనింది. నేను కళ్ళారా సూసినా" అంది అత్త.

"మాటని కళ్ళతో సూసేదేంది వదినా, తిక్కగాని పట్టిందా?"

"ఆ పిల్ల మొగం సూస్తే తెల్లేదా నీకు? గడప తొక్కనని పొయ్యేదాని మొగమా అది? మళ్ళా వస్తాది సూడు."

అది ఆ రోజుతో పోలేదు. నలభై రోజులు నడిచింది. పెద్దకోడలు తిరిగి వస్తుందా రాదా అని వీధి రెండుగా చీలింది. నీళ్ళ కుళాయి దగ్గర కూడా అదే మాట. చివరికి వస్తుందన్నది మా అత్త ఒక్కతే. మెట్లమీది ఇద్దరికీ కూడా రానురాను నమ్మకం సడలింది. టీవీలో రోజూ ఆ అమ్మాయి గడప తొక్కననే గొంతు మళ్ళీ మళ్ళీ వేసేవారట, అందరూ విన్నారు. అత్తను చూసి ముసలామె కథలు అల్లుతోందని నవ్వడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం రోజూ నాలుగింటికి వచ్చి, గోడకు ఆనుకుని, తన మాట తాను చెప్పేది. పొద్దు వాలి మొహాలు మసకబారే వేళకు, వాదన ఎంత పట్టులో ఉన్నా సరే, "సాలు పోండమ్మా, పొయ్యి ముట్టించాల" అని లేచిపోయేది.

ఒక రోజు అట్లా లేచిపోవడం నాకు నచ్చలేదు. చలికాలం, ఐదున్నరకే వెలుతురు తగ్గింది. పిన్నమ్మ జవాబు చెప్పలేక తడుముకుంటున్న సమయం. ఇంకొక్క మాట అంటే గెలుపు మనదే. దీపం పట్టుకుని ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళి, "అత్తా, తులసికోట మాట నిజంగా అనిందా ఆ పిల్ల" అని అడిగాను. ఆమె నాకు వీపు పెట్టి బియ్యం కడుగుతోంది. పలకలేదు. మళ్ళీ అడిగాను. పలకలేదు. కోపమొచ్చిందేమో అనుకుని, నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో "అత్తా" అన్నాను. ఆమె నిదానంగా కడుగునీళ్ళు వంచుతూనే ఉంది. మగ్గాలు ఆడటం లేదు. వీధిలో చప్పుడు లేదు. దీపం కదిలి తన నీడ గోడమీద ఊగాక ఆమె ఇటు తిరిగి, నా మొహం చూసింది. గిన్నె కింద పెట్టింది.

"వచ్చి ఎంతసేపాయ అబ్బోడా" అంది.

నేను నోరు తెరిచి, శబ్దం లేకుండా, పెదవులు మాత్రం కదిపి, "రెండు చెవులూనా" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది.

"ఒగటి మీ మామ పోయిన యేడు పొయ్యింది. రెండోది ఎప్పుడు పొయ్యిందో నాకే తెలీదురా, షెడ్డులో ఉండేదానికి ఎట్లా తెలుస్తాది? ఒగ దినం కరెంటు పొయ్యింది, మగ్గాలు నిలిచిపొయినాయి, నా సెవుల్లో మాత్రం ఆడతానే ఉండాయి. అప్పుడు తెలిసింది."

నేను అక్కడే పీట వాల్చుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళుగా నేను ఆమెతో మాట్లాడుతున్నాను, ఆమె నాతో మాట్లాడుతోంది, ఇంతమంది ఆమెతో గంటల తరబడి వాదిస్తున్నారు. అంతా ఆమె చూసింది, వినలేదు. గోడకు ఆనుకుని కూర్చునేది అందరి మొహాలూ కనపడాలని. మసక చీకటికి లేచిపోయేది పొయ్యి కోసం కాదు. ఇక సీరియల్ సంగతి ఆమే చెప్పింది. "అందరూ ఇనే గొంతు ఇంకెవురిదో గదా. అరిసేది ఒగరు, ఏడిసేది ఒగరు. ఆ పిల్ల నోరు అరవమే మాట్లాడతాది. నేను ఆ పిల్లనే సూస్తా, అది సెప్పిందే నమ్ముతా" అంది. ఒక భాషలో పలికిన పెదవుల మీద ఇంకో భాష గొంతు అతికిస్తే, దేశమంతా ఆ గొంతునే నమ్ముతుంటే, రేకుల షెడ్డులో పోగులు ముడేస్తూ ఒక ఆడమనిషి ఆ అమ్మాయి అసలు ఏమందో పట్టుకుంటోంది. నాకు రెండు డిగ్రీలున్నాయి. ఆ వంటింట్లో ఆమె ముందు నేను మూడో తరగతి పిల్లవాడినయ్యాను.

"మరి మగ్గం?" అన్నాను. "సేత్తో మగ్గం సెక్కని ముట్టుకుంటే తెలుస్తాది, యాడ పోగు తెగినా" అంది. డాక్టరుకు చూపిద్దామన్నాను, కొడుక్కి చెబుదామన్నాను. అప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"సెప్పబాకు. వాడికి తెలిస్తే మగ్గం కాడికి రానీడు. అదీ పోనీలే. సెవిటిదానితో ఎవురు వాదిస్తార్రా? సెవిటిదాన్ని సూస్తే అందురూ తలకాయ ఊపుతారు. ఔనౌనంటారు. అన్నం తిన్నావా అని పెద్దగా అరిసి పోతారు. నాకు ఔననేవాళ్ళు వద్దు."

చెప్పనని మాటిచ్చాను.

పెద్దకోడలు తిరిగొచ్చిన రోజు బడికి సెలవు. ఒంటిగంటకు నేనూ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. అత్త కొడుకు నూలు దించి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గేటు తీసుకుని ఆ అమ్మాయి లోపలికి వచ్చింది. ఇంట్లోకి పోలేదు. మొగుణ్ణి చూడలేదు. నేరుగా తులసికోట దగ్గరికి పోయి నిలబడింది. తులసి పచ్చగా ఉంది. వెనక నుంచి అత్తగారు చెంబుతో నీళ్ళు తీసుకుని వస్తోంది, రోజూ పోస్తున్నట్టుగా.

మగ్గాల దగ్గరి ఇద్దరూ తమ మగ్గాలు ఆపేశారు. మా అత్త కూడా తన రెండు మగ్గాలూ ఆపింది. కరెంటు ఉండగా మగ్గాలు ఆపడం ఆ షెడ్డులో ఎప్పుడూ లేదు. నాలుగోది ఆగగానే, ఏళ్ళ తరబడి చివరిదాకా పెంచి ఉంచిన ఆ టీవీ సౌండు మొదటిసారి బయటికొచ్చింది. షెడ్డు రేకులు అదిరేట్టు ఒక ఆడగొంతు ఏడ్చింది. ఆ ఇద్దరూ చెవులు మూసుకున్నారు, నేను స్టూలుమీద నుంచి లేచిపోయాను, అత్త కొడుకు చేతిలోని తాళాలు కింద పడ్డాయి. అందరం ఉలిక్కిపడ్డాం. అత్త ఒక్కతే కదల్లేదు. రెప్ప కూడా వెయ్యకుండా ఆ అమ్మాయి మొహం చూస్తూ ఉంది.

కొడుకు అది చూశాడు. టీవీ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. దగ్గరికొచ్చి, ఆమె భుజం తట్టి ఇటు తిప్పి, "మా, ఆ మాట నీకెట్లా తెలిసింది? దాని నోరు సూసి సెప్తాండావా నువ్వు? నీకు..." అని ఆగాడు. ఇంకొక్క ప్రశ్న అడిగితే అయిపోయినట్టే.

ఆ సమయానికి పిన్నమ్మ ఆ రొద విని వీధి దాటి పరుగెత్తుకొచ్చింది. గడప బయటే వక్కాకు ఉమ్మేసి, నోరు తుడుచుకుని, కొడుకుని పక్కకు నెట్టి, అత్త మొహానికి మొహం పెట్టి నిలబడింది. "నోరు సూసేదేంది నాయనా. మీ యమ్మ దొంగ. ఆ సీరియల్‌ని పుత్తూరులో ఎవురింట్లోనో అరవంలో ముందే సూసేసి వచ్చి, ఈడ మాకు జోస్యం సెప్తాంది. నలభై దినాలు మమ్మల్నందర్నీ పిచ్చోళ్ళని సేసింది. ఔనా కాదా సెప్పు వదినా" అంది.

అత్త ఆమెను ఒక నిమిషం అట్లాగే చూసింది. తర్వాత, "ఔ. సూసినా. యేమిప్పుడు?" అంది.

కొడుకు నవ్వేశాడు. "అదా సంగతి" అని తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మగ్గాల దగ్గరి ఇద్దరూ మాత్రం నవ్వలేదు. ముందే చూసినదాన్ని చూడనట్టు నటించి వాదించడం కంటే నీచం సీరియల్ అభిమానుల్లో లేదు. "ఇంత మోసం సేసినావా అమ్మా" అని ఒకామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్త తలొంచుకుని మగ్గం నడిపింది. ఏ మాట అందరూ కాదన్నా నిజమైందో, ఆ మాట నిజమైన రోజే ఆమె అబద్ధాలకోరు అయింది. చెవిటిదని తెలియడంకంటే దొంగ అనిపించుకోవడం మేలనుకుంది. నిజం తెలిసిన నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

పిన్నమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. సాయంత్రం అగ్గిపెట్టె నెపంతో అంగడికి పోయాను. ఆమె చింతపండు తూస్తోంది. "మా అత్త ఏ పుత్తూరుకూ పోలేదు పిన్నమ్మా. అందరి ముందరా దొంగను చేశావే, నీకేం వచ్చింది" అన్నాను. ఆమె బుగ్గలో వక్కాకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చి ఏదో అంది. నాకు సగమే అర్థమైంది. "వక్కాకు తీసి చెప్పు" అన్నాను విసుగ్గా.

"నీకెందుకు తియ్యాల అయ్యోరా? నీకు సెవులుండాయి గదా" అంది.

రెండు చెంబుల నీళ్ళు, కొంగుతో తుడుచుకున్న నోరు, మొహాన పడే ఎండ, నీడలోకి రమ్మంటే రాని మొండితనం, అన్నీ ఒకటొకటిగా నాకు అర్థమయ్యాయి. "ఎప్పటి నుంచి తెలుసు" అని అడిగాను.

"ఆరేండ్లుగా. ఒగ దినం వక్కాకు ఏసుకోని మాట్లాడితే, నా మాటకి కాకుండా ఇంకో మాటకి జవాబు సెప్పింది. మర్నాడు నోరు కడుక్కోని పొయినా, సరిగ్గా సెప్పింది. అప్పుడు తెలిసింది."

"తెలిసీ అంతగా వాదిస్తావే?"

"వాదించకుంటే తెలిసిపోదా?" అంది. చింతపండు పొట్లం కట్టి పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "దొంగ అంటే నాలుగు దినాలు నవ్వుతారు, మరిసిపోతారు. ఆ ఇంకో మాటని ఎవురూ మరిసిపోరు. సిన్నోడు అడగబోతా ఉండె, నాకు నోటికొచ్చింది అనేసినా. ఇంకోటి సెప్తా ఇను. నేను గొంతుతో ఇంటే నాకు సగం కతే తెలుస్తాది. నాలుగింటికి ఆడికొచ్చి ఆయమ్మ సెప్తేనే తక్కిన సగం. ఆ తులసికోట మాట ఆయమ్మ సెప్పినప్పుడే నాకు నిజమనిపించింది. ఐనా కాదన్నా. నాకు తెలుసని ఆయమ్మకి సెప్పబాకు."

చెప్పనని ఆమెకూ మాటిచ్చాను. వీధి దాటి వెనక్కి వచ్చాను. తిరుమల కొండకు అలిపిరి మెట్ల మీదుగా ఎన్నోసార్లు నడిచాను. పైకి చేరి తిరిగి చూస్తే కిందిదంతా ఒక్కసారిగా కనపడినప్పుడు ఎట్లా ఉంటుందో, ఆ ఇరవై అడుగుల వీధిలో నాకు అట్లా అనిపించింది. మర్నాడు నాలుగింటికి కరెంటు పోయింది. పిన్నమ్మ నోరు కడుక్కుని వచ్చి రాయిమీద కూర్చుంది. "ఏం దొంగ వదినా, రేపేం జరుగుతాదో సెప్పు మల్ల" అంది. అత్త గోడకు ఆనుకుని, కొంగు సర్దుకుని, మొదలుపెట్టింది. నేను అక్కడున్న మూడేళ్ళూ వాళ్ళు ఒక్క విషయంలోనూ ఒప్పుకోలేదు.

తర్వాత నాకు తిరుపతికి బదిలీ అయింది. కరెంటు కోతలు తగ్గి, ఒకరోజు పూర్తిగా ఆగిపోయాయి. మగ్గాలు పొద్దంతా ఆడటం మొదలయ్యాక అరుగుమీద కూర్చునే తీరిక ఎవరికీ లేకపోయింది. అత్త చెవుల సంగతి కొడుక్కి తెలిసింది. ఆమె చెప్పినట్టే మగ్గం దగ్గరికి రానివ్వలేదు, ఆమె చెప్పినట్టే అందరూ తల ఊపడం మొదలుపెట్టారు. నేను కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే మగ్గాల రొదే ఎక్కువ వినపడుతుందని పసుపు డబ్బాలో దాచిపెట్టింది. రెండేళ్ళ కిందట పిన్నమ్మ పోయింది.

డాక్టరు నాకూ ఒక మిషను రాశాడు. ఆ వచ్చిన ఆదివారం దాన్ని జేబులో వేసుకుని నగరికి పోయాను. అత్తకు డెబ్బై ఏడు. అరుగుమీద అదే చోట కూర్చుని ఉంది. ఆమె మనవడు దాటిపోతూ "అన్నం తింటివా అవ్వా" అని అరిచాడు, ఆమె తల ఊపింది, వాడూ తల ఊపి వెళ్ళిపోయాడు. నేను మిషను చూపిస్తే నవ్వింది. "నువ్వూ వస్తివా ఈ పక్కకి" అంది. ఇక దాచడం ఎందుకనిపించింది. పిన్నమ్మకు ఆమె సంగతి ఎప్పటి నుంచో తెలుసని, ఆ రోజు దొంగ అన్నది కావాలనే అన్నదని, ఇన్నేళ్ళు నా కడుపులో దాచుకున్నది మొత్తం నిదానంగా, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందని చూశాను.

"నాకు తెలీదనుకుంటివా" అంది. "వక్కాకు లేని ఆయమ్మ నోరు ఈ వీధిలో ఎవురన్నా సూసినారా, నా ముందర తప్ప? ఎర్రటి ఎండలో కళ్ళు సికిలించుకోని ఆ రాయి మింద కూసునేది. ఎవురికోసమనుకుంటివి?"

"మరి తెలుసని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదే?"

"సెప్పుంటే వాదించేదా?" అంది. అని, రాయివైపు చూసింది. ఆ ఇద్దరి మధ్య ఇరవై అడుగుల వీధి ఉండేది, అంతకంటే దగ్గరగా బతికిన మనుషుల్ని నేను నా జీవితంలో చూడలేదు.

తనలో తాను అనుకుంటున్నట్టుగా, "తులసికోటకి నీళ్ళు పొయ్యమనే గదరా ఆ పిల్ల అనింది" అంది. నేను తల ఊపబోయి ఆగాను. లేచి, తొట్టి దగ్గరికి పోయి నోరు కడుక్కున్నాను. వచ్చి ఆ రాయిమీద కూర్చున్నాను. సూర్యుడు సరిగ్గా కళ్ళల్లో కొట్టాడు.

"అట్లా అనలేదత్తా. గడప తొక్కననింది. నేను చెవులారా విన్నాను" అన్నాను.

ఆమె నా మొహాన్ని ఒక నిమిషం చూసింది. తర్వాత వీపు గోడకు ఆనించి, కొంగు సర్దుకుని, "సెవులంట సెవులు. నీకు ఉండేదే ఒగటిన్నర" అని మొదలుపెట్టింది. వెనక షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, కాబట్టి ఆమె మాటలు నేనూ పెదవులు చూసే తెలుసుకున్నాను. మొహాలు మసకబారేదాకా ఒకరి మాట ఒకరం ఒప్పుకోలేదు. నగరిలో ఇప్పుడు కరెంటు పోవడం లేదు; పోయిన కాలం మాత్రం, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని కాదంటే, చీకటి పడేదాకా అక్కడే ఉంటుంది.